మా ఊరి ‘వస్తాను’

ఆ రోజుల్లో మా ఇంట్లో ఆడపిల్ల బందరు వెళ్ళి సాయంత్రానికి తిరిగొస్తే అదే పెద్ద సాహసయాత్ర. మా మొవ్వకీ బందరుకీ ఎంత దూరమో మీకు తెలియకపోతే తెలుసుకోకండి, నా పరువు పోతుంది. ఏ బస్సుకి వెళ్తున్నావు, తోడెవరు, గొడుగు పెట్టుకున్నావా, అక్కడెవరైనా ఏదైనా ఇస్తే తినకు అని అమ్మ వేసే ప్రశ్నలకీ చెప్పే జాగ్రత్తలకీ జవాబిచ్చేలోపు ఒక బస్సు వెళ్ళిపోయేది. అలాంటి ఇంట్లోంచి ఇరవై నాలుగేళ్ళ వయసులో నేనొక్కదాన్నే వియత్నాం వెళ్ళానంటే ఇప్పుడు నాకే నమ్మబుద్ధి కాదు. నా ధైర్యమే దానికి కారణమని చాలాకాలం అందరికీ చెప్పుకు తిరిగాను. అసలు కారణం రొయ్య.

అప్పట్లో నేను కృత్తివెన్నులో చుట్టాలింట్లో ఉంటూ అక్కడే ఒక రొయ్యల ల్యాబులో పనిచేసేదాన్ని. చెరువులో వదలబోయే రొయ్యపిల్లల్ని, అంటే సీడుని, రైతులు ప్లాస్టిక్ కవర్లలో నీళ్ళతో సహా తెచ్చి మా బల్ల మీద పెట్టేవారు. వాటికి జబ్బుందా లేదా అని పరీక్ష చేసి చెప్పడం మా పని. ల్యాబు యజమానిని అందరం మావయ్య అనేవాళ్ళం (ఆయన మాలో ఎవరికీ మావయ్య కాదు). వియత్నాంలో ఆయనకు తెలిసిన ఒక హేచరీ, అంటే రొయ్యపిల్లల్ని పుట్టించే కేంద్రం, ఉంది, అక్కడ మూడు నెలలుండి కొత్త పరీక్షలు నేర్చుకొస్తే, తను కొత్తగా పెట్టబోయే ల్యాబు మీకే అప్పజెబుతానన్నాడు. వెళ్ళాల్సింది ఇద్దరం, నేనూ ఇంకో అమ్మాయీ. రెండో అమ్మాయికి సరిగ్గా సమయానికి పెళ్ళి కుదిరింది. నేను కూడా మానేస్తే ఆ ల్యాబు మా సీనియరు గారికి పోతుంది. ఆయన తన అనుభవం గురించి రోజుకి పదిసార్లు చెప్పేవాడు, పదకొండోసారి మమ్మల్నే చెప్పమనేవాడు. ‘మూడు నెలలా? మూడు వారాల్లో ఏడ్చుకుంటూ వచ్చేస్తుంది చూడండి’ అని ఆయన అందరితో అన్నట్టు నా చెవిన పడింది. దాంతో పౌరుషానికి పోయి, వెళ్తానన్నాను.

గుడివాడ స్టేషనుకి ఇంటిల్లిపాదీ వచ్చారు. పాస్టరు గారు ప్లాట్‌ఫారం మీదే ప్రార్థన మొదలుపెట్టి, రైలు కూత వేసేదాకా ఆమెన్ అనలేదు. నేను కంగారుగా పెట్టె ఎక్కి, కిటికీలోంచి, “వెళ్తున్నాను నాయనమ్మా!” అని అరిచాను. నాయనమ్మ కిటికీలోంచి చెయ్యి పెట్టి నా నోటి మీద ఒక్కటి వేసింది.

“వెళ్తున్నానంటావేంటే నోట్లో పురుగుపడ! వెళ్ళొస్తాను అనాలి. దిగి, మళ్ళీ చెప్పి ఎక్కు.”

“మనకి శకునాలు లేవని పాస్టరు గారు పోయిన ఆదివారమే కదా చెప్పారు!”

“ఇది శకునం కాదే, మర్యాద,” అంది నాయనమ్మ. పాస్టరు గారు ఏమంటారా అని చూశాను. ఆయన కూడా దిగమన్నట్టే సైగ చేశారు.

దిగి, “వెళ్ళొస్తాను” అని చెప్పి మళ్ళీ ఎక్కాను. మన వైపు ఇది మీకు కొత్త కాదు. ఎవరింటి నుంచి బయల్దేరినా ‘వస్తానండీ’ అనే అంటాం, ‘వెళ్తాను’ అనే మాట నోట రానివ్వం. ఏమీ చెప్పకుండా లేచి నడిచేది ఒక్క చావింటి నుంచే. ఇంతే సంగతి. ఇంత చిన్న సంగతి పట్టుకుని పరాయి దేశంలో ఇద్దరు ముసలివాళ్ళని మూడు వారాలు యాతన పెడతానని అప్పుడు నాకు తెలియదు.

ఇంట్లో నన్ను రేడియో అని పిలిచేవారు. మొవ్వ నుంచి గుడివాడ చేరేలోపు బస్సులో పక్క సీటు వాళ్ళ మూడు తరాల చరిత్ర రాబట్టి, మా నాలుగు తరాలది చెప్పేసేదాన్ని. అలాంటి మనిషి ఒక్కతీ వెళ్ళి పడిన ఆ హేచరీ ఊరికి దూరంగా, సముద్రం ఒడ్డున ఉండేది. అదే ఉప్పువాసన, చెరువు నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్లు తిరిగే అదే చప్పుడు. కళ్ళు మూసుకుంటే కృత్తివెన్నులోనే ఉన్నాననిపించేది. కళ్ళు తెరిస్తే నా మాట అర్థమయ్యే మనిషి ఒక్కరు లేరు. ల్యాబులో కాస్త ఇంగ్లీషు వచ్చిన అమ్మాయి ఒకతి ఉండేది. ఆమె పేరు నాకు నోరు తిరగలేదు, నా పేరు ఆమెకి తిరగలేదు, ఒకరినొకరం ‘హలో’ అని పిలుచుకునేవాళ్ళం. పాపం మంచి పిల్లే, కానీ ఇంట్లో చంటిబిడ్డ ఉండటంతో పనైన మరుక్షణం స్కూటరెక్కి మాయమయ్యేది.

మూడో రోజుకి నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మైక్రోస్కోపు కింద రొయ్యపిల్లలతో మాట్లాడటం మొదలుపెట్టాను. “ఏమ్మా, తోకేంటి అలా ఉంది? మీ అమ్మావాళ్ళది ఏ ఊరు?” అని. ఇంటికి ఫోను చేస్తే అమ్మ “తిన్నావా?” అనేది, నాయనమ్మ “అక్కడ గోంగూర దొరుకుతుందా?” అనేది. అంతా బాగుందని చెప్పి పెట్టేసేదాన్ని. పెట్టేశాక గదిలో నిశ్శబ్దం ఫోను చెయ్యకముందు కంటే ఎక్కువయ్యేది. ఆ గదిలో ఇంకో మంచం ఉండేది, పెళ్ళి కుదిరిన అమ్మాయి కోసం వేసింది. దాని మీద దుప్పటి కప్పి, తలగడ పక్కన నా చున్నీ ఒకటి వేసి, అక్కడెవరో పడుకున్నారనుకుని గుడ్‌నైట్ చెప్పేదాన్ని (ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, మీరూ చెప్పకండి). అమ్మ కట్టిచ్చిన బందరు లడ్డూలు రెండో వారానికల్లా అయిపోయాయి. ఖాళీ డబ్బా మూత తీసి వాసన చూసి మళ్ళీ పెట్టేసేదాన్ని.

క్యాంటీను మధ్యాహ్నం వరకే. అందుకని సాయంత్రం ఐదున్నరకి గేటు దాటి పది నిమిషాలు నడిస్తే, రోడ్డు పక్కన ఒక ఇంటి వరండాలో భోజనం కొట్టు ఉండేది. నడిపేది ఒక ముసలి జంట. ఆవిడ వండేది, ఆయన వడ్డించేవారు. మొదటి రోజే మనసులో ఆవిడకి మామ్మగారనీ ఆయనకి తాతగారనీ పేర్లు పెట్టేశాను (వరస కలపకుండా ఒకరి చేతి అన్నం తినడం మనకి చేతకాదు కదా). కూర్చోడానికి పీటకంటే కొంచెం ఎత్తున్న ప్లాస్టిక్ స్టూళ్ళు. అన్నం, చేపల పులుసుకి దూరపు చుట్టంలాంటి ఒక పులుసు, పళ్ళెం నిండా పచ్చి ఆకులు. ఆ ఆకులు అలంకారానికి పెట్టారనుకుని ముట్టుకోలేదు. మామ్మగారు కాసేపు చూసి, లేచి వచ్చి, నాలుగు ఆకులు తుంచి చేపముక్కకి చుట్టి నా నోట్లో పెట్టేసింది. మా అమ్మ తప్ప ఇంకెవరూ నాకు నోట్లో ముద్ద పెట్టలేదు. పులుసు కారంగా ఉందన్న వంకతో కళ్ళు తుడుచుకున్నాను. అందులో కారమే లేదు.

తినేసి లేచి గుమ్మం దాకా వచ్చాక నా కాలు ఆగిపోయింది. చెప్పకుండా ఎలా వెళ్ళడం? అదేమన్నా చావిల్లా? నా ఫోనులో ఒక యాప్ ఉండేది, తెలుగులో టైపు చేస్తే వాళ్ళ భాషలో పైకి చదివేది. “వస్తానండీ” అని టైపు చేసి వినిపించాను. మామ్మగారి ముఖం విప్పారింది. గట్టిగా తల ఊపింది. తాతగారు కూడా వచ్చి తల ఊపారు. మర్యాదంటే ఏ దేశంలోనైనా ఒకటే సుమా అనుకుంటూ, పొంగిపోయి గదికి వచ్చాను. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. ఆ ఒక్క మాట చెప్పడం కోసం రోజంతా ఎదురుచూసేదాన్నంటే అతిశయోక్తి కాదు. రోజు మొత్తం మీద నేను మాట్లాడితే ఎదుటి మనిషి సంతోషించేది ఆ ఒక్కసారే.

ఒక వారం గడిచాక మామ్మగారి ధోరణి మారింది. నన్ను చూడగానే గోడ గడియారం వైపు చెయ్యి చూపించేది. ఏడు వేళ్ళు చూపించేది, ఎనిమిది చూపించేది. పొయ్యి మీద గిన్నె చూపించేది. తాతగారు నిట్టూర్చేవారు. ఒకరోజు ఆయన నా ఫోను తీసుకుని అందులోకి గట్టిగా ఏదో మాట్లాడారు. ఫోను కాసేపు ఆలోచించి, “కుండ చల్లారిపోయింది. గుర్రం కూడా పోయింది,” అని తెలుగులో చూపించింది. నాకు దిమ్మ తిరిగిపోయింది. కుండ సరే, గుర్రం ఎవరిది? ఆ వరండాలో స్కూటరు తప్ప ఏమీ లేదు. గుర్రం పోయినందుకు నన్ను అనుమానిస్తున్నారా అని కూడా ఒక క్షణం భయపడ్డాను. “అయ్యో” అని టైపు చేసి, మామూలుగా “వస్తానండీ” అని చెప్పి వచ్చేశాను.

మూడో వారం చివర్లో గొడవ తేలిపోయింది, అంటే తేలిపోయిందని నేననుకున్నాను. నేను తినేసి ఫోను తీసి “వస్తానండీ” వినిపించగానే, మామ్మగారు వచ్చి నా మణికట్టు పట్టుకుంది. గొంతు పెంచి, గడియారం చూపించి, గిన్నె చూపించి, గుమ్మం చూపించి, నన్ను చూపించి, ఊపిరి తీసుకోకుండా మాట్లాడింది. తింటున్నవాళ్ళంతా తలలు తిప్పి చూశారు. ఎవరో నవ్వారు కూడా. తిట్టు ఏ భాషలో తిట్టినా తెలుస్తుంది కదా, నాకు తెలిసిపోయింది. నేను రావడం వాళ్ళకి ఇష్టం లేదు. ఇక్కడికి రావద్దు, గుమ్మం అదుగో అంటోంది. చెయ్యి విడిపించుకుని, మొదటిసారి ఏమీ చెప్పకుండా బయటికి నడిచాను.

రెండు రోజులు గదిలో బిస్కెట్లు తిన్నాను. ఆ రెండు రోజులంత ఒంటరితనం నేను మళ్ళీ ఎప్పుడూ ఎరగను. అన్నం పెట్టే ఒక్క ఇల్లూ పోయాక ఇంక ఆ దేశంలో నా ముఖం గుర్తుపట్టేది మైక్రోస్కోపు మాత్రమే. రెండో మంచానికి గుడ్‌నైట్ చెప్పడం కూడా మానేశాను. ఫోను తీసి మావయ్యకి మెసేజి రాశాను: ‘నా వల్ల కాదు మావయ్యా, వచ్చేస్తాను.’ పంపబోతే సీనియరు గారి ముఖం కళ్ళ ముందు ఆడింది. సరిగ్గా మూడు వారాలు! ఆయన జాతకాలు చెప్పుకుని బతకొచ్చు. రేపు పనయ్యాక పంపుదాంలే అని అలాగే ఉంచాను. కొత్త ల్యాబు పోతే పోయింది, ఎవరో ఒకరు తెలుగులో తిట్టినా చాలు అనే స్థితికి వచ్చేశాను.

మర్నాడు సాయంత్రం చేతులు కడుక్కుని మెసేజి పంపడానికి ఫోను తీస్తుండగా హలో పరుగెత్తుకొచ్చింది. “గేటు దగ్గర నీకోసం ఎవరో వచ్చారు, వాచ్‌మన్ లోపలికి రానివ్వడం లేదు, రా,” అంది. వెళ్ళి చూస్తే గేటు అవతల తాతగారు స్కూటరు పట్టుకుని నిలబడి ఉన్నారు. వెనక సీటు మీద మామ్మగారు, ఒళ్ళో మూడు గిన్నెల క్యారేజీ. మా ఇంట్లో పొలానికి అన్నం పంపే క్యారేజీకీ దానికీ తేడా లేదు. నన్ను చూడగానే మామ్మగారు దిగివచ్చి, గేటు ఊచల్లోంచి చెయ్యి పెట్టి నా నుదురు తాకి చూసింది.

“ఒంట్లో బాగాలేదా అని అడుగుతోంది,” అంది హలో.

“బాగానే ఉందని చెప్పు.”

“మరి రెండు రోజుల నుంచి ఎందుకు రాలేదంటోంది.”

“వాళ్ళేగా రావద్దన్నారు! అందరి ముందూ గుమ్మం చూపించి మరీ తిట్టారు,” అన్నాను. ఉక్రోషంతో నా ఇంగ్లీషు తడబడింది.

హలో ఆ మాట వాళ్ళకి చెప్పింది. మామ్మగారు గుండె మీద చెయ్యి వేసుకుంది. తర్వాత చాలాసేపు మాట్లాడింది. మధ్యలో తాతగారు కూడా అందుకున్నారు. వింటున్నకొద్దీ హలో ముఖం గంభీరంగా మారిపోయింది. చివరికి నా వైపు తిరిగి, “వాళ్ళకి రోజూ ఎందుకు అబద్ధం చెప్తున్నావు?” అంది.

“నేనా? ఏం అబద్ధం?”

“రోజూ తినేసి, మళ్ళీ వస్తాను అని చెప్పి వెళ్తున్నావట. నీకు అందరి ముందూ తినడం సిగ్గు, అందుకే కొంచెమే తిని, జనం వెళ్ళాక మళ్ళీ వస్తానంటున్నావు అనుకున్నారు. ఆరున్నరకి మూసే కొట్టు నీకోసం ఎనిమిదింటి దాకా తెరిచి ఉంచుతున్నారు. నీ వాటా తీసిపెట్టి, పొయ్యి ఆర్పకుండా కూర్చుంటున్నారు. నువ్వు ఒక్కరోజూ రాలేదు. మర్నాడొచ్చి మళ్ళీ వస్తానంటావు. ఆ రోజు ఆవిడ అడిగింది అదే, నిజంగా ఎన్నింటికి వస్తావో చెప్పమని.”

“ఎనిమిదింటి దాకానా?” అన్నాను.

“ఇంకొకటి,” అంది హలో. “ఈయన రోజూ సాయంత్రం స్నేహితుడి ఇంటికి చదరంగానికి వెళ్తారట. నీకోసం కూర్చోవడంతో వెళ్ళలేదు. సగంలో ఉన్న ఆటలో ఈయన బదులు ఎవరో ఆడి, ఈయన గుర్రాన్ని పోగొట్టేశారట.”

ఆ గుర్రం! నవ్వు ఆగలేదు. గేటు పట్టుకుని నవ్వాను. ఆ నవ్వు ఎక్కడ ఏడుపుగా మారిందో నాకు తెలియదు. ఈ భూమ్మీద నాకోసం ఎవరూ లేరనుకుంటూ రెండో మంచానికి కబుర్లు చెప్పిన ఆ సాయంత్రాలన్నీ, పది నిమిషాల నడక దూరంలో ఇద్దరు మనుషులు పొయ్యి ఆర్పకుండా నాకోసం రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నారు. నేను ఏడుస్తుంటే వాచ్‌మన్ కంగారుపడి గేటు తెరిచేశాడు.

తర్వాత అసలు సంగతి హలోకి వివరించాల్సి వచ్చింది. ల్యాబులో ఏ పరీక్షా నన్ను అంత కష్టపెట్టలేదు.

“మా ఊళ్ళో వెళ్ళేటప్పుడు వస్తాను అంటాం.”

“అంటే మళ్ళీ వస్తారా?”

“వస్తాం. కానీ అప్పుడే కాదు.”

“మరెప్పుడు?”

“ఎప్పుడో. రాకపోయినా ఏమీ అనుకోరు.”

“వెళ్తున్నాను అని చెప్పొచ్చు కదా?”

“అమ్మో! అలా అనకూడదు.”

హలో వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. “వెళ్ళేవాళ్ళు వెళ్తామనరు. రానివాళ్ళు వస్తామంటారు. మరి మీ ఊళ్ళో వంట ఎంతమందికి వండుకుంటారు?” అంది. హలో ఇదంతా వాళ్ళ భాషలో చెబితే విని మామ్మగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. తాతగారు మాత్రం నవ్వలేదు, ఆయన గుర్రం పోయింది. వాచ్‌మన్ కుర్చీలో నన్ను కూర్చోబెట్టి, క్యారేజీ మూడు గిన్నెలూ విప్పి, నేను తినేదాకా ఇద్దరూ అక్కడే నిలబడ్డారు. ఆ రోజు రాసిపెట్టిన మెసేజి తీసేశాను.

మిగిలిన రెండు నెలలూ గడిచాయని కూడా తెలియలేదు. పనవగానే ఆ వరండాకే వెళ్ళి ఆకులు కడిగి, గిన్నెలు సర్ది, చివర్లో మామ్మగారితో కలిసి తినేదాన్ని. నేనుంటే ఆవిడకి తోడు కాబట్టి తాతగారు నిశ్చింతగా చదరంగానికి వెళ్ళిపోయేవారు. నేను తెలుగులో మా నాయనమ్మ సంగతులు చెప్పేదాన్ని, ఆవిడ తన భాషలో ఏవో చెప్పేది. ఇద్దరం ఒకేసారి మాట్లాడేవాళ్ళం, ఎవరికీ ఏమీ అర్థమయ్యేది కాదు, హాయిగా ఉండేది. ఎవరైనా ‘వస్తాను’ అంటే ఉన్నవాళ్ళు ‘వెళ్ళిరా’ అనాలని ఆవిడకి నేర్పాను. ఆవిడ నోట అది ‘వెల్లిలా’ అయింది. రోజూ నేను “వస్తానండీ” అంటే, “వెల్లిలా” అని నవ్వేది.

ఆఖరి రోజు వచ్చింది. మధ్యాహ్నం నుంచే నాకు ఒకటే ఆలోచన. ఏం చెప్పి బయల్దేరాలి? ‘వస్తాను’ అంటే, అంత చెప్పినా ఏ మూలో నమ్మి పొయ్యి మీద గిన్నె పెట్టుకుని కూర్చుంటారేమో. ‘వెళ్తున్నాను’ అందామంటే నాయనమ్మ చెయ్యి గుడివాడ నుంచి చాచి నోటి మీద వేసినట్టే ఉంటుంది. చెప్పకుండా నడిస్తే అది చావింటి పద్ధతి. సహాయానికి హలోని తీసుకెళ్ళాను. తిన్నాను, లేచాను, గుమ్మం దాకా వెళ్ళి నిలబడిపోయాను. ఫోను జేబులోంచి తియ్యలేదు. రేడియో మూగబోయింది.

నా అవస్థ చూసి మామ్మగారే ముందుగా అనేసింది. “వెల్లిలా.”

వాళ్ళు ‘వెళ్ళిరా’ అన్నాక మనమనేది ఒకటే మాట కదా. “వస్తానండీ,” అన్నాను.

మామ్మగారు వెంటనే హలోతో ఏదో అంది. హలో నవ్వాపుకుంటూ నాకు చెప్పింది. “ఇది ఏ ఊరి ‘వస్తాను’ అని అడుగుతోంది. మీ ఊరిదా, మా ఊరిదా?”

“మీ ఊరిదే,” అన్నాను, క్షణం ఆలోచించకుండా. తాతగారు గోడ గడియారం వైపు చూసి, ఆ ఒక్కసారి నవ్వారు.

ఇదంతా జరిగి తొమ్మిదేళ్ళు దాటింది. కొత్త ల్యాబు నాకే వచ్చింది. పెళ్ళయి బందరులో కాపురం, ఒక పాప. రిపోర్టు తీసుకున్న రైతు “వస్తానమ్మా” అని మెట్లు దిగుతుంటే ఇప్పటికీ నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. చుట్టాలు “వస్తామండీ” అని గేటు దాటాక కూడా కూరగిన్నె పొయ్యి మీదే ఉంచేస్తాను. “వాళ్ళన్నది మన ఊరి ‘వస్తాం’లే, గిన్నె దించెయ్” అని మా వారు ఆటపట్టిస్తారు. హలో అప్పుడప్పుడూ ఫోటోలు పంపుతుంది. మామ్మగారు బాగా వంగిపోయింది. కొట్టు ఇప్పుడు వాళ్ళ కోడలు నడుపుతోందట, తాతగారి చదరంగం మాత్రం సాగుతోందట. ఆ పిల్ల ఇంకా రాలేదేమని మామ్మగారు ఇప్పటికీ నా గురించి అడుగుతుందట.

ఆ ఇరవై నాలుగేళ్ళ పిల్ల మీద ఒక్కోసారి కోపం వస్తుంది, ఒక్కోసారి నవ్వొస్తుంది. బందరు వెళ్ళడానికే నలుగురి అనుమతి కావలసిన మనిషి, సముద్రాల అవతల గుమ్మంలో నిలబడి, అంత తేలిగ్గా ఎలా మాటిచ్చేసిందో! మాట తనిచ్చింది, నిలబెట్టే పని నా నెత్తిన పడింది. మొన్న బీరువా సర్దుతుంటే పాస్‌పోర్టు గడువు దగ్గరపడిందని కనిపించింది. బల్ల ముందు కూర్చుని రెన్యూవలు కాగితాలు నింపుతుంటే మా వారు వచ్చి, “ఎక్కడికి ప్రయాణం?” అన్నారు.

“ఒకళ్ళింటికి భోజనానికి,” అన్నాను. “వస్తానని చెప్పి వచ్చాను. ఇప్పటికే ఆలస్యమైంది.”